హోమ్ స్టూడియో: ఇంట్లో సంగీత ధ్వనిముద్రణ

నిర్వచనం, పరిధి

సంగీతాన్ని సొంత నివాసంలో, సాధారణంగా ఒకే గదిలో, ముద్రించి, కూర్చి, విడుదలకు సిద్ధం చేయడానికి ఏర్పరచుకున్న వసతిని హోమ్ స్టూడియో అంటారు. మైక్రోఫోన్, ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటర్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్లు దీనికి కనీస సామగ్రి. వాణిజ్య స్టూడియోకూ దీనికీ పరికరాల ఖరీదులో తేడా ఉన్నా అసలు భేదం రెండు చోట్ల కనిపిస్తుంది. వాణిజ్య స్టూడియోలో గదిని ధ్వని కోసమే కడతారు. ఇంట్లో పడకగదో, హాలో, మేడమీద గదో ఆ పనికి సర్దుకోవాలి. అక్కడ గాయకుడు, ఇంజనీరు, సంగీత దర్శకుడు వేర్వేరు మనుషులు. ఇక్కడ పాడేదీ, మీట నొక్కేదీ, తప్పొప్పులు పట్టేదీ చాలాసార్లు ఒక్కరే. కొత్తవారి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచే పుడతాయి.

తెలుగునాట నేర్చుకునేవారికి ఇంకో చిక్కు ఉంది. ప్రచారంలో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ పాశ్చాత్య సంగీతపు పన్నెండు స్థిరస్వరాలను, నాలుగు లెక్కల బార్‌ను ప్రమాణంగా పెట్టుకుని తయారయ్యాయి. సినిమా పాటకు, పాప్ గీతానికి ఇది సరిపోతుంది. కీర్తనకు, పద్యానికి, డప్పు పాటకు మాత్రం ఆ పనిముట్లను మన పద్ధతికి తిప్పుకోవాలి (చూ. శ్రుతి, తాళం, గమకం).

చరిత్ర

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను, ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోన్‌ను రూపొందించాక అర్ధశతాబ్దం పైగా ధ్వనిముద్రణ దాదాపు కంపెనీల చేతిలోనే ఉండిపోయింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ తదితరుల పాటలను ముద్రించినప్పుడు వాళ్ళు పాడింది ఒక లోహపు కొమ్ములోకి. విద్యుత్ మైక్రోఫోన్‌తో ముద్రణ 1925లో గానీ పరిశ్రమలోకి రాలేదు. తప్పు దొర్లితే దిద్దే వీలుండేది కాదు. మొదటి నుంచి మళ్ళీ పాడాల్సిందే.

దిద్దుబాటుకు దారి తీసింది అయస్కాంత టేపు. జర్మనీలో ఏఈజీ సంస్థ 1935లో ప్రదర్శించిన మాగ్నెటోఫోన్ దీనికి మూలం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ పరిజ్ఞానం అమెరికా చేరింది. గిటార్ వాద్యకారుడు లెస్ పాల్ అప్పటికే హాలీవుడ్‌లోని తన ఇంటి గరాజులో డిస్కుల మీద ఒక వరుసపై మరో వరుస పేర్చి ముద్రించే ప్రయోగాలు చేస్తున్నాడు. 1948లో విడుదలైన ‘లవర్’లో వినిపించే గిటార్లన్నీ ఆయన ఒక్కడే వాయించినవి. టేపు యంత్రం చేతికి వచ్చాక మేరీ ఫోర్డ్‌తో కలిసి ఆయన చేసిన ‘హౌ హై ద మూన్’ 1951లో అమెరికా పాటల పట్టికల్లో మొదటి స్థానానికి చేరింది. ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని బృందగానమంతా చేయవచ్చన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

సామాన్యుడికి అది అందింది 1979లో. ఆ ఏడాది టాస్కామ్ కంపెనీ తెచ్చిన పోర్టాస్టూడియో 144 మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు ముద్రించేది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 ఆరంభంలో న్యూజెర్సీలో తాను ఉంటున్న ఇంట్లో రెండు షూర్ ఎస్‌ఎమ్57 మైకులు పెట్టుకుని ఈ యంత్రం మీదే కొన్ని పాటలను నమూనాగా పాడుకున్నాడు. తర్వాత వాద్యబృందంతో స్టూడియోలో చేసినవి ఆయనకు నచ్చక, ఆ క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా విడుదల చేశారు.

1983లో వచ్చిన మిడి ప్రమాణం వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి, కంప్యూటర్‌తో మాట్లాడుకునే వీలు కల్పించింది. క్యూబేస్ 1989లో, ప్రో టూల్స్ 1991లో వచ్చాయి. స్టెయిన్‌బర్గ్ సంస్థ 1996లో ప్రవేశపెట్టిన వీఎస్‌టీ ప్రమాణంతో ఈక్వలైజర్, రివర్బ్ వంటి పెట్టెలు సాఫ్ట్‌వేర్ రూపంలో కంప్యూటర్‌లోకే వచ్చి చేరాయి. ఉచితంగా దొరికే ఆడాసిటీ 2000లోను, ఆపిల్ కంప్యూటర్లతో వచ్చే గ్యారేజ్‌బ్యాండ్ 2004లోను మొదలయ్యాయి. 2019లో బిల్లీ ఐలిష్ తొలి ఆల్బమ్ చాలావరకు లాస్ ఏంజెలెస్‌లోని ఆమె కుటుంబపు ఇంట్లో, అన్న ఫినియస్ పడకగదిలో తయారై, 2020 జనవరిలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది.

తెలుగు సినిమా పాటల ముద్రణ చాలాకాలం మద్రాసు స్టూడియోల్లో, పూర్తి వాద్యబృందంతో జరిగింది. ఆ మద్రాసులోనే కోడంబాక్కంలో ఏ.ఆర్. రెహమాన్ తన ఇంటి ఆవరణలో పంచతన్ రికార్డ్ ఇన్ ఏర్పాటు చేసుకున్నారు. 1992 నాటి ‘రోజా’ పాటలు అక్కడే రూపుదిద్దుకున్నాయి. అది క్రమంగా పూర్తిస్థాయి స్టూడియోగా ఎదిగింది కనుక నేటి అర్థంలో హోమ్ స్టూడియో అనలేం. అయితే సంగీత దర్శకుడు ఇంటిపట్టునే, తనకు కావలసినంత సమయం తీసుకుని పాటను కూర్చే పద్ధతికి దక్షిణాదిలో అది గట్టి ఉదాహరణగా నిలిచింది.

రకాలు

గాయకులకు గొంతు ముద్రించే ఒక మూల చాలు. కీబోర్డ్ వాయించేవారు మిడి కీబోర్డ్, సాఫ్ట్‌వేర్ వాద్యాలతో మైకు అవసరం లేకుండానే పాటంతా కడతారు. వీణ, మృదంగం, వయొలిన్ వంటి వాద్యాలను ముద్రించేవారికి గది బాగుండటం ముఖ్యం. ఫోను, దానికి తగిలించే చిన్న మైకుతో సాగే సంచార ముద్రణ నాలుగో రకం. జానపద గాయకుల పాటలను వాళ్ళ ఊళ్ళోనే సేకరించడానికి ఇది అనువైనది.

గది

కొత్తవారు మొదట మైకు గురించి అడుగుతారు. అడగవలసింది గది గురించి. గొంతు మైకుకు నేరుగా చేరిన కొద్ది మిల్లీసెకన్లకే గోడలు, గచ్చు, పైకప్పు తాకి తిరిగివచ్చిన అదే గొంతు మళ్ళీ మైకుకు చేరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత దగ్గరగా వచ్చే ప్రతిధ్వనిని చెవి విడిగా గుర్తించదు. గొంతు ‘బాత్‌రూమ్‌లో పాడినట్టు’ ఉందని మాత్రం తెలుస్తుంది. ఒకసారి ముద్రణలో కలిసిన గదిని తర్వాత పూర్తిగా విడదీయడం కష్టం. టైల్స్ గచ్చు, సున్నం గోడలు, గాజు కిటికీలు ఉన్న మన ఇళ్ళలో ఈ సమస్య తివాచీలు, చెక్క గోడలు ఉన్న ఇళ్ళలో కంటే ఎక్కువ.

రెండో సమస్య గది కొలతలది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి తగిన కొన్ని పౌనఃపున్యాలు గదిలో నిలబడి ఉబ్బుతాయి. ధ్వని వేగాన్ని గోడల దూరానికి రెట్టింపుతో భాగిస్తే వాటిలో మొదటిది వస్తుంది. పది అడుగుల దూరానికి అది సుమారు 56 హెర్ట్జ్, దాని రెట్టింపు 112 హెర్ట్జ్. అపార్ట్‌మెంట్లలో తరచు కనిపించే పది అడుగుల చదరపు గదికి పైకప్పు కూడా పదడుగుల ఎత్తున ఉంటే మూడు దిక్కులా అవే పౌనఃపున్యాలు పేరుకుంటాయి. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మంద్రస్థాయి చతుశ్రుతి ధైవతం దాదాపు 109 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అలాంటి గదిలో మిగతా స్వరాలు మామూలుగా ఉండి ఆ ఒక్క స్వరం గుమ్మని మోగుతుంది. గాయకుడు తన గొంతులో లోపం ఉందనుకుంటాడు. కనుక ఇంట్లో ఎంచుకునే వీలుంటే, చతురస్రాకారపు గది కంటే పొడవు వెడల్పులు తేడాగా ఉన్న గది మేలు. గది సరిగ్గా నడుమ గానీ, మూలలో గానీ నిలబడి పాడకపోవడం మంచిది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులను కలిపేసుకోవడం పరిపాటి. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం ఒకటి. లోపలి ప్రతిధ్వనిని పీల్చడం మరొకటి. మొదటిదానికి బరువైన గోడ, గాలి చొరబడని తలుపు కావాలి, అది కట్టుబడి పని. రెండోదానికి దట్టమైన, మెత్తని, మందమైన పదార్థం కావాలి. పలుచని ఫోమ్ పలకలు పై పౌనఃపున్యాలనే పీల్చి, కింది గుమగుమను అలాగే వదిలేస్తాయి. అలాంటి గదిలో గొంతు మొద్దుబారి వినిపిస్తుంది. పది సెంటీమీటర్ల మందం గల రాక్‌వుల్ పలకలను గుడ్డతో చుట్టి, గోడకు కొంచెం ఎడంగా నిలబెడితే ఫలితం చాలా మెరుగు. గోడకు గుడ్ల అట్టలు అంటించడం వల్ల ఈ రెండు పనుల్లో ఏదీ చెప్పుకోదగినంతగా జరగదు. డబ్బు ఖర్చు లేని మార్గం కూడా ఉంది. బట్టలు వేలాడే బీరువా తలుపులు తెరిచి పెట్టుకుని, గాయకుడి వెనక దండెం మీద మందపాటి బొంతలు గానీ రజాయిలు గానీ వేసి, కింద జంపఖానా పరిస్తే గొంతు ముద్రణకు ఆ మూల సరిపోతుంది. బొంత గాయకుడి వెనక ఉండాలనడానికి కారణం ఉంది: మైకు చూసేది గాయకుడి వైపే, కాబట్టి అతని వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనే దానిలో ఎక్కువగా పడుతుంది.

ఇంటి శబ్దాలను తెలుసుకోవడానికి ఎవరూ పాడకుండా ఒక నిమిషం పాటు గదిని ముద్రించి హెడ్‌ఫోన్లలో వింటే చాలు. సీలింగ్ ఫ్యాను, పక్కగది ఫ్రిజ్, అపార్ట్‌మెంట్ బోరు మోటారు, కుక్కర్ విజిల్ అన్నీ అందులో తేలతాయి. సన్నగా ‘మ్‌మ్’ అనే ఎడతెగని మోత ఉంటే అది తరచుగా కరెంటుది. భారతదేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కనుక ఆ మోత 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎర్తింగ్ సరిగా లేకపోవడం, ఇన్వర్టర్ మీద నడపడం దీనికి సాధారణ కారణాలు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద ముద్రించి చూస్తే దోషం ఎక్కడుందో తేలుతుంది.

డిజిటల్ ధ్వని

మైకు ఇచ్చే విద్యుత్ తరంగాన్ని ఇంటర్‌ఫేస్ సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం దాకా పౌనఃపున్యాలు పట్టుబడతాయి. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు కనుక 1982లో మార్కెట్‌కు వచ్చిన సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ రేటును నిర్ణయించారు. వీడియోతో కలిసే పనికి 48 కిలోహెర్ట్జ్ వాడుక. ప్రతి కొలత ఎంత సూక్ష్మంగా ఉందో బిట్ సంఖ్య చెబుతుంది. ఒక్కో బిట్‌కు దాదాపు 6 డెసిబెళ్ల విస్తృతి వస్తుంది. 16 బిట్లకు 96, 24 బిట్లకు సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్లు.

కొత్తవారు 24 బిట్లలో ముద్రించడం మేలు. అప్పుడు మట్టం తక్కువగా పెట్టుకున్నా నష్టం ఉండదు. గొంతు ఎంత పెరిగినా మీటరు ముల్లు సున్నాకు 10–12 డెసిబెళ్లు కిందే ఉండేలా గెయిన్ సర్దుకోవాలి. సున్నా దాటితే తరంగం తల తెగి, గొంతు చిట్లిపోతుంది. అనుపల్లవిలో తారస్థాయికి వెళ్ళే పాటకు మట్టాన్ని పల్లవి పాడి సర్దకూడదు. పాటలో అన్నిటికంటే పెద్దగా వచ్చే చోటు పాడించి సర్దాలి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 మెగాబైట్ల పైచిలుకు తీసుకుంటుంది. నాలుగు నిమిషాల పాట పది ట్రాకులతో 350 మెగాబైట్ల దరిదాపుల్లో ఉంటుంది. ప్రతి పాటనూ కనీసం ఒక వేరే డిస్కులో కూడా దాచుకోవాలి.

మైక్రోఫోన్లు

డైనమిక్ మైకులో ధ్వనికి కదిలే తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కరెంటు పుట్టిస్తుంది. ఇది మొండి సాధనం. దగ్గరి ధ్వనినే బాగా పడుతుంది. వేదికల మీద ఎక్కడ చూసినా కనిపించే షూర్ ఎస్‌ఎమ్58 (1966) ఈ రకానిది. కండెన్సర్ మైకులో పలుచని పొర కదలికతో విద్యుత్ ధారిత మారుతుంది. దీనికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. గమకపు సన్నని నొక్కులు, ఊపిరి, తంబుర తీగ మీది జీవాళి నాదం దీనిలో స్పష్టంగా పడతాయి. వీధి రొద కూడా అంతే స్పష్టంగా పడుతుంది. గది సర్దుకోగలిగినవారికి కండెన్సర్, ట్రాఫిక్ పక్కన ఉండేవారికి డైనమిక్ అన్న పంపకం చాలా సందర్భాల్లో పనికొస్తుంది. కంప్యూటర్‌కు నేరుగా తగిలే యూఎస్‌బీ మైకుకు ఇంటర్‌ఫేస్ అక్కర్లేదు. అయితే రెండో మైకు కావలసిన రోజున అది అడ్డు వస్తుంది.

గొంతు ముద్రణకు ఎక్కువగా వాడేది కార్డియాయిడ్ రకం. ఇది ఎదుటి ధ్వనిని బాగా పట్టి, వెనకటిది వదిలేస్తుంది. దీనికి చాలా దగ్గరగా పాడితే మంద్ర ధ్వని ఉబ్బుతుంది. లలిత గీతాలకు 15–20 సెంటీమీటర్ల దూరం, మెల్లగా మొదలై గట్టిగా విచ్చుకునే శాస్త్రీయ గానానికి 25–30 సెంటీమీటర్లు మంచి ఆరంభం. తెలుగులో ప, ఫ, బ, భ పలికినప్పుడు పెదవుల నుంచి వచ్చే గాలి మైకు పొరను కొట్టి ‘బుప్’ అన్న చప్పుడు చేస్తుంది. శ, ష, స ఈల వేస్తాయి. నైలాన్ గుడ్డ బిగించిన పాప్ ఫిల్టర్ గాలి దెబ్బను ఆపుతుంది. మైకును నోటికి సూటిగా కాక కొద్దిగా పక్కకు తిప్పడం వల్ల రెండూ తగ్గుతాయి.

ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్, వినే సాధనాలు

ఇంటర్‌ఫేస్ మైకు సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చి, తిరిగి హెడ్‌ఫోన్లకు అందిస్తుంది. ఒక్కరే పనిచేసేవారికి రెండు ఇన్‌పుట్లు చాలు. మృదంగం లాంటి రెండు ముఖాల వాద్యానికి కూడా అవే సరిపోతాయి. పాడిన గొంతు కంప్యూటర్‌లోకి పోయి తిరిగి చెవికి చేరడానికి పట్టే ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో తీసుకునే కొలతల సంఖ్య) 1024 ఉంటే ఒక్క వైపే 21 మిల్లీసెకన్లు. గాయకుడి లయ తడబడటానికి అది చాలు. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్ల లోపే. ముద్రించేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకుంటారు. కంప్యూటర్ దాకా పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే గొంతు వినిపించే డైరెక్ట్ మానిటరింగ్ మీట ఉంటే ఈ బాధే ఉండదు.

సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ ఉచితం, గొంతు ముద్రణకు సరిపోతుంది. రీపర్ తక్కువ ధరకు పూర్తి సౌకర్యాలిస్తుంది. క్యూబేస్, లాజిక్ ప్రో, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్‌లలో దేనికి అలవాటుపడినా పని సాగుతుంది. వీటిలో ఏది గొప్పదన్న వాదం కొత్తవారికి అక్కరకు రాదు.

ముద్రించేటప్పుడు చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు వాడాలి. లేకపోతే తంబుర, క్లిక్ (లయ చూపే టిక్ టిక్) శబ్దాలు కారి మైకులో పడతాయి. మిక్సింగ్‌కు మానిటర్ స్పీకర్లను తలతో సమబాహు త్రిభుజం ఏర్పడేలా, చెవి ఎత్తున అమరుస్తారు.

ముద్రణ క్రమం: ఒక కీర్తన ఉదాహరణ

సినిమా పాటలో సాధారణంగా లయ ముందు, గొంతు చివర. ముందుగా ఎవరో ఒకరు డమ్మీ ట్రాక్ పాడతారు, దానిపై వాద్యాలు కూరుస్తారు, అసలు గాయని చివర్లో వచ్చి పాడుతుంది. శాస్త్రీయ సంగీతంలో మృదంగం గాత్రాన్ని వింటూ, సంగతులను అనుసరిస్తూ నడుస్తుంది. కాబట్టి వరుస తిరగబడుతుంది.

ఒక చిన్న గదిలో, రెండు ఇన్‌పుట్లతో, గాత్రం, వయొలిన్, మృదంగంతో త్యాగరాజ కీర్తన ముద్రించాలంటే క్రమం ఇలా ఉంటుంది. శ్రుతి తేల్చుకుని తంబుర ట్రాక్‌ను విడిగా సిద్ధం చేస్తారు. కాలప్రమాణం నిర్ణయించి క్లిక్ పెడతారు. గాయని తంబుర, క్లిక్ హెడ్‌ఫోన్లలో వింటూ పల్లవి నుంచి చరణం వరకు పాడుతుంది. ఇది దారి చూపే ట్రాక్ మాత్రమే. దీన్ని వింటూ మృదంగ విద్వాంసుడు రెండు మైకులతో వాయిస్తాడు. తర్వాత వయొలిన్. అప్పుడు క్లిక్ తీసేసి, నిజమైన మృదంగం చెవిలో మోగుతుండగా గాయని తుది గాత్రం పాడుతుంది. మొదటిసారి బిగుసుకుపోయిన గొంతు ఇక్కడ విచ్చుకుంటుంది. పల్లవిని మూడు నాలుగు టేకులు తీసుకుని, మంచి సంగతులను ఏరి కలపడం సాధ్యమే. అతుకు ఊపిరి తీసుకునే చోట, పదానికి ముందు పడాలి. దీర్ఘం మధ్యలో వేసిన అతుకు రాగం తెలిసిన చెవికి వెంటనే దొరికిపోతుంది.

ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి పాడి వాయించే పద్ధతి కూడా ఉంది. మైకుల్లో ఒకరి ధ్వని మరొకరి దానిలో కలుస్తుంది, దిద్దుబాటు కుదరదు. కానీ కళాకారులు ఒకరినొకరు చూసుకుంటూ ఇచ్చిపుచ్చుకునే ఊపు విడివిడి ముద్రణలో రాదు. కచేరీ అనుభవం ఉన్న బృందానికి ఇదే మెరుగు.

శ్రుతి, తాళం, గమకం: సాఫ్ట్‌వేర్‌ను సర్దుకోవడం

సాఫ్ట్‌వేర్‌కు శ్రుతిని పాశ్చాత్య స్వరాల పేర్లతో చెప్పాలి. ఒకటో శ్రుతి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ. కీబోర్డ్ వాద్యాలు ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకుంటాయి. వీణో వేణువో శ్రుతిలో కొద్దిగా అటూ ఇటూ ఉంటే ముందే సరిచూసుకోవాలి. వేణువును ఆట్టే మార్చలేం కనుక మిగతావాటినే దానికి తగ్గట్టు జరుపుతారు.

క్లిక్ విషయంలో ఆదితాళానికి ఇబ్బంది లేదు. నాలుగు లెక్కల బార్లు రెండు కలిస్తే ఒక ఆవర్తం. మిశ్రచాపుకు బార్‌ను ఏడుగా, ఖండచాపుకు ఐదుగా మార్చుకుని, మొదటి లెక్కకు, మధ్య విరుపుకు వేరే శబ్దం పెట్టుకుంటే పాడేవారికి తాళం దారి తప్పదు. ఆలాపనకు, పద్యానికి క్లిక్ పెట్టకూడదు. పద్యనాటకపు బాణీలో రాగాన్ని సాగదీసే గాయకుడి చెవిలో టిక్ టిక్ మోగితే ఆ సాగు చచ్చిపోతుంది. పద్యాన్ని స్వేచ్ఛగా పాడించి, హార్మోనియాన్ని ఆ తర్వాత చేర్చడం సరైన క్రమం.

అన్నిటికంటే జాగ్రత్త కోరేది శ్రుతి దిద్దుబాటు. 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ పాడిన స్వరాన్ని దగ్గరలోని స్థిరస్వరానికి లాగుతుంది. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలవదు. ఊగడమే దాని స్వరూపం. ఆటో-ట్యూన్‌ను వేగంగా పనిచేయనిస్తే ఆ ఊపును మెట్లుగా నరికి, రాగాన్ని తోడి కాకుండా చేస్తుంది. సినిమా, పాప్ గీతాల్లో ఆ మెట్ల ధ్వనినే కోరి వాడతారు, అది వేరే సంగతి. శాస్త్రీయ, భక్తి గీతాల్లో దిద్దవలసి వస్తే మెలోడైన్ వంటి సాధనంతో షడ్జ పంచమాల మీద నిలిచిన చోట్ల మాత్రమే, చేత్తో, కొద్దిగా జరపడం సముచితం. మళ్ళీ పాడగలిగినప్పుడు మళ్ళీ పాడటమే ఉత్తమం.

వాద్యాలు

మృదంగానికి వలంతల వైపు ఒక మైకు, తొప్పి వైపు ఒకటి 20–30 సెంటీమీటర్ల దూరంలో పెడతారు. తొప్పి మీది రవ్వ ముద్ద ఆరుతున్నకొద్దీ నాదం మారుతుంది. ఏసీ నడిచినప్పుడు, ఆపినప్పుడు తోలు బిగువు మారుతుంది. ముద్రణకు ముందు ఏసీ ఆపేస్తే, గది వేడెక్కేలోగా పాట పూర్తిచేయాలి లేదా మధ్యలో శ్రుతి సరిచూసుకోవాలి. కచేరీల్లో వీణకు కాంటాక్ట్ మైకు వాడినా, ఇంట్లో మాత్రం కుండకు ఎదురుగా సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో కండెన్సర్ పెడితే కొయ్య నాదం దక్కుతుంది. డప్పు మోత చిన్న గదిని ముంచేస్తుంది. సెగకు కాచి బిగించిన డప్పును వరండాలోనో మేడమీదో, మీటరు పైగా దూరంలో డైనమిక్ మైకుతో ముద్రించడం మేలు.

మిక్సింగ్, మాస్టరింగ్

ముందు ఏ సాధనమూ వాడకుండా మట్టాలు మాత్రమే సర్ది పాట వినాలి. మంచి ముద్రణ ఇక్కడే మూడొంతులు కుదురుకుంటుంది. గొంతులో 80 హెర్ట్జ్ కింది మోతను ఫిల్టర్‌తో తీసేస్తారు. 200–400 హెర్ట్జ్ మధ్య పేరుకున్న మందాన్ని కొంచెం తగ్గిస్తే మాట తేటపడుతుంది. కంప్రెసర్ పెద్ద ధ్వనులను అణచి, చిన్నవాటితో ఎడం తగ్గిస్తుంది. సినిమా గీతానికి గట్టిగా, కీర్తనకు చాలా తేలికగా వాడాలి. కృత్రిమంగా ప్రతిధ్వని చేర్చే రివర్బ్ కొత్తవారు ఎక్కువగా పోసే దినుసు. దాన్ని వినపడే దాకా పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. సాహిత్యం తెలియని వ్యక్తికి ఒకసారి వినిపించి ఏ మాటలు అందలేదో అడిగితే, మీటర్లు చెప్పని లోపం బయటపడుతుంది. ఫోను స్పీకర్‌లో, కారులో కూడా విని చూడాలి.

తుది మట్టం నిర్ణయించడం మాస్టరింగ్‌లో భాగం. స్పాటిఫై, యూట్యూబ్ వంటి వేదికలు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనపు కొలమానం) దగ్గర పాటల మట్టాన్ని సమం చేస్తాయి. అంతకంటే గట్టిగా నొక్కిన పాటను అవే తగ్గిస్తాయి కనుక నొక్కుడుకు లాభం ఉండదు, నాదం మాత్రం నలుగుతుంది.

నేర్చుకునే మార్గాలు

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో ధ్వనిముద్రణలో ప్రత్యేక శిక్షణ ఉంది. రెహమాన్ 2008లో చెన్నైలో నెలకొల్పిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ సంగీత సాంకేతికత నేర్పుతుంది. హోమ్ స్టూడియో నడిపేవారిలో చాలామంది మాత్రం వీడియోలు చూసి, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకున్నవారే. తంబుర, గొంతు మాత్రమే ఉన్న చిన్న పాటతో మొదలుపెట్టి, మైకు దూరం మార్చి మార్చి ముద్రించి, గుడ్డిగా పోల్చి వినడం చెవికి మొదటి శిక్షణ. ఇష్టమైన పాటను పక్కన పెట్టుకుని సమాన మట్టంలో పోల్చడం రెండోది.

హక్కులు, విడుదల

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాటలో సాహిత్యం, స్వరకల్పన, ధ్వనిముద్రణ మూడు వేర్వేరు హక్కులు. మొదటి రెండింటికి కర్త మరణానంతరం 60 ఏళ్లు, ముద్రణకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు రక్షణ. త్యాగరాజు (1767–1847) కృతులు ఎవరైనా పాడవచ్చు. అన్నమయ్య సంకీర్తనల్లో పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. సాహిత్యం అందరిదే అయినా, ఈనాడు ప్రచారంలో ఉన్న వరుసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టారు. ఆ వరుసపై హక్కు వారి వారసులకో సంస్థకో ఉండవచ్చు. సినిమా పాటను మళ్ళీ పాడి విడుదల చేయడానికి కూడా అనుమతి కావాలి. గీత రచయితల, స్వరకర్తల పక్షాన రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ 1969లో ఏర్పడింది.

పంపిణీ సంస్థల ద్వారా పాటలు ప్రసార వేదికలకు చేరతాయి. ప్రతి ముద్రణకు 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ గుర్తు ఇస్తారు. వాడకం లెక్కలు దాని మీదే నడుస్తాయి.

ప్రభావం

కరీంనగర్, వరంగల్ వంటి పట్టణాల్లో చిన్న గదుల్లో ముద్రించిన తెలంగాణ జానపద గీతాలు యూట్యూబ్ ద్వారా లక్షల మందికి చేరుతున్నాయి. కోస్తాలో క్రైస్తవ గీతాలు, అయ్యప్ప పాటలు ఇదే దారిలో నడుస్తున్నాయి. 2020లో లాక్‌డౌన్ వల్ల స్టూడియోలు మూతపడినప్పుడు వృత్తి గాయకులు కూడా ఇళ్ళలోనే పాడి ఫైళ్లు పంపారు. ఆ అలవాటు తర్వాత కూడా నిలిచింది. అమెరికాలోని గాయని ఇంట్లో పాడిన ట్రాక్ హైదరాబాదులో మిక్స్ కావడం ఇప్పుడు మామూలే. మరోవైపు వాద్యబృందాలకు, పెద్ద స్టూడియోలకు పని తగ్గింది. వయొలిన్ బృందం చేయవలసిన పనిని ఒక కీబోర్డ్ చేస్తోంది. సన్నాయి, క్లారినెట్ వాయించేవారికి పిలుపులు తగ్గాయి. ఇంటి గదిలో రెండు మైకులతో అలాంటి వాద్యాన్ని నిజంగా ముద్రించడం నేర్చుకున్న కొత్తతరం కూర్పరులు కొందరు ఆ కళాకారులను మళ్ళీ పిలుస్తున్నారు.